చేటలో గాజులు

మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు మార్కాపురం నుంచి నా దగ్గరికి వచ్చింది. పేరు హర్షిత, తొమ్మిదో తరగతి. వచ్చీ రాగానే కాళ్ళయినా కడుక్కోకుండా సోఫాలో కూలబడి, "అవ్వా, నువ్వు కథలు రాస్తావు కదా, నాకొక ఆన్సర్ చెప్పు" అంది. వాళ్ళ ఇంగ్లీషు టీచరు ఒక పాత కథ ఇచ్చిందట. ఎక్కడో మంచు కురిసే దేశానిది. అడవి, కాకులు, ఒంటరిగా పోయే పిల్ల, చివర్న ఏదో ఘోరం. ఆ కథలోని వర్ణనలు చదివేవాళ్ళ మనసులో దిగులునూ భయాన్నీ ఎట్లా పుట్టిస్తున్నాయో రెండు పేజీలు రాసుకు రమ్మన్నదట. పిల్ల అప్పటికే ఫోన్‌ను అడిగింది. ఫోన్ చెప్పింది కూడా. చీకటి భయానికి గుర్తు, అడవి ప్రమాదానికి గుర్తు, కాకి చావుకు గుర్తు. "గుర్తులు పాతడానికి ఇదేమన్నా రోడ్డు మలుపా?" అన్నాను. పిల్ల మొహం మాడ్చుకుంది. నాకు నోటి దురుసు ఎక్కువని మా ఇంటిల్లిపాదికీ తెలుసు, బడిలో నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్లలకు ఇంకా బాగా తెలుసు. ఫోన్ చెప్పింది తప్పని కాదు. ఉప్పు లేని పప్పు, అంతే. తినొచ్చు, కానీ మారు వడ్డించమని ఎవరూ అడగరు. "దీనికి జవాబు కావాలంటే ముందు బుడ్డలు ఒలవాలి తల్లీ" అన్నాను. "బుడ్డలేంది?" అంది. "వేరుశనక్కాయలు. మీ అవ్వ దొంగతనంగా తిన్న విత్తనాలు" అన్నాను. వాళ్ళ అవ్వ దొంగతనం అనేసరికి పిల్ల ఫోన్ పక్కన పెట్టి బాసింపట్టు వేసుకుంది.

మాది గిద్దలూరు. నాయనకు బజారులో విత్తనాల దుకాణం ఉండేది. ఎండాకాలం చివర్లో, తొలకరికి ముందు, రాచర్ల వైపు పల్లెల రైతులందరూ విత్తనానికి మా దుకాణానికే వచ్చేవాళ్ళు. విత్తనపు బుడ్డలు మరలో వేస్తే గింజ పగులుతుంది, పైపొర ఊడుతుంది, మొలక రాదు. చేత్తోనే ఒలవాలి. అందుకని ఆ నెలంతా మా ఇంటి పెరడు బుడ్డల గోతాలతో నిండిపోయేది. పొద్దున్నే జేజి, అంటే మా నాయన వాళ్ళమ్మ, గోతం విప్పి కాయల మీద నీళ్ళు చిలకరించి, తడిగుడ్డ కప్పేది. తొక్క మెత్తబడితే బొటనవేలు నొప్పి పెట్టదని. మధ్యాహ్నానికి ఆ గుడ్డ తీస్తే వచ్చే వాసన ఉంది చూశారూ, తడిసిన మట్టిది సగం, పచ్చి గింజది సగం, అబ్బ, ఇప్పటికీ మొదటి వాన చినుకు పడగానే నాకు ముందు గుర్తొచ్చేది మా జేజి తడిగుడ్డే. వేపచెట్టు నీడలో పాత బొంత పరిచి మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టేది. నేను, మా చెల్లెలు, గోడ అవతలింటి ఖాసింబి పిన్నమ్మ పిల్లలు. పేరుకు పక్కిల్లే గానీ, మధ్యలో ఉన్నది నడుమెత్తు మట్టిగోడ. వాళ్ళింట్లో తాళింపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వచ్చేవి.

పిల్లలను పెట్టి బుడ్డలు ఒలిపించడంలో ఒక చిక్కుంది. చేతులు ఊరికే ఉండవు, ఒలిచిన గింజ గంపలోకి పోకుండా నోట్లోకి పోతుంది. పచ్చి బుడ్డ తియ్యగా ఉంటుంది మరి. కసురుకుంటే వినేవాళ్ళం కాదు. కొడితే ఏడ్చి, ఏడుస్తూ కూడా తినేవాళ్ళం. చివరికి జేజి ఒక ఉపాయం కనిపెట్టింది. కథ చెప్పడం. అది కూడా అన్ని కథలూ పనికి రావు. నవ్వొచ్చే కథ చెప్తే మేము నవ్వుతూ గుప్పిళ్ళు గుప్పిళ్ళు మింగేవాళ్ళం. రాజుల కథ చెప్తే రాజులు విందు చేసినప్పుడల్లా మేమూ విందు చేసేవాళ్ళం. భయం పుట్టించే కథలోనే మా నోళ్ళు ఎండిపోయేవి. గొంతు దిగదు, నమలబుద్ధి కాదు, చేతులు మాత్రం వాటంతట అవే ఒలుస్తూ పోతాయి. జేజికి కావాల్సింది అదే. తల వంచుకుని చేట చెరుగుతూ, కనుకొలకుల్లోంచి మా దవడల వైపు చూసేది. దవడ ఆడిందంటే కథలో చీకటి పెరిగేది. దవడలన్నీ ఆగిపోయాయంటే కాస్త సడలించేది. వర్ణన గురించి ఆ తర్వాత నేను చదివిన పెద్ద పెద్ద పుస్తకాల్లో ఇంతకన్నా ముక్కుసూటి పద్ధతి నాకెక్కడా కనపడలేదు.

మాకు చెప్పే కథల్లో రాజ్యమేలింది నిప్పుకు పోయిన పిల్ల కథ. ఒక ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవక మూడు దినాలయింది, అని మొదలుపెట్టేది. వాళ్ళు పేదవాళ్ళనీ, ఆకలితో ఉన్నారనీ చెప్పేది కాదు. "బూడిదలో పిల్లి పడుకోనుంది. కడుపు కింద కాళ్ళు ముడుచుకోనుంది. పిల్ల వచ్చి లెయ్యే అని కదిలిస్తే ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళా మూసుకునింది" అనేది. అంతే, మా పొయ్యి చల్లబడిపోయినట్టు ఉండేది. ఆ పిల్ల పక్కింటికి నిప్పు అడగడానికి పోతుంది, అక్కడా లేదు. ఊరంతా లేదు. అడవి అంచున దీపం కనపడితే పిడక పట్టుకుని అటు పోతుంది. అడవి భయంకరంగా ఉంది అని జేజి ఒక్కసారి కూడా అన్న పాపాన పోలేదు. "చెట్ల కింద ఎండుటాకులు ఉండాయి. పిల్ల నడిస్తే చప్పుడు కావాల గదా? కాలే" అనేది. అంతే. మా వీపులు ఒకదానికొకటి ఆనుకునేవి. దీపం ఉన్న ఇల్లు దగ్గర పడేకొద్దీ పిల్లకు గాజుల గలగల వినపడేది. ఆడవాళ్ళు చాలామంది ఉన్న ఇల్లు కాబోలు, పెళ్ళి పనులేమో అని పిల్ల సంతోషపడేది. మేమూ సంతోషపడేవాళ్ళం. ఇద్దరు ముగ్గురి చేతులు నోటి దగ్గరికి పోయేవి. అది చూసి జేజి తన చేతిలోని చేటను నెమ్మదిగా ఒక్కసారి కుదిపేది. గలగల. "దగ్గరికి పోయి చూస్తే ఒకటే ముసల్ది. చేటలో గాజులు పోసుకోని చెరుగుతా ఉంది. అన్నీ చిన్న చిన్న గాజులు. పాలుతాగే బిడ్డవి, నడక నేర్చిన బిడ్డవి, బడికి పోయే బిడ్డవి. ఇంట్లో యాడా పిల్లోళ్ళ గొంతు లేదు."

ఇక్కడిదాకా చెప్పేసరికి మా హర్షిత తన చేతిని చొక్కా పొడుగు చేతుల్లోకి లాక్కుంది. దాని చేతికి గాజులే లేవు, వాచీ ఉంది. "రాక్షసి అని చెప్పలేదు కదా అవ్వా, అయినా నాకు తెలిసిపోయింది" అంది మెల్లగా. "మరి ఆ ముక్కే రాయి పో" అన్నాను. దిగులుగా ఉంది అని చెప్తే దిగులు పుట్టదు. చల్లారిన పొయ్యిలో పిల్లిని చూపిస్తే పుడుతుంది. వినేవాడికి వస్తువు ఇచ్చి ఊరుకుంటే భయం వాడే వండుకుంటాడు. ఈ సంగతి మా జేజికి ఎవరూ నేర్పలేదు, ఆవిడ ఇంకెవరికీ నేర్పనూ లేదు. విత్తనం మిగిలితే చాలనుకుంది.

అయితే పట్టపగలు కథ చెప్పడం మా వైపు పెద్ద తప్పు. పగలు కథ చెప్తే మేనమామ దారి తప్పుతాడని అంటారు. మా అమ్మకు అది వేదవాక్కు. జేజి లెక్క వేరు. "నా మేనమామలు కాటికి పోయి ఎన్నేండ్లయిందో. ఇంక వాళ్ళు తప్పేదానికి దారి యాడుంది?" అనేది. అయినా కోడలి నోటికి జడిసి ఒక విరుగుడు పెట్టింది. కథ మొదలుపెట్టే ముందు ఒక్కొక్క పిల్లా ఒక్కొక్క గింజ తీసి వీధి వైపుకు విసిరి "మా మామకు దారి" అనాలి. మేము విసిరేవాళ్ళం, కోడిపెట్టలు పరుగున వచ్చి ఆ దారులన్నీ తినేసేవి. అమ్మకు ఈ విరుగుడు మీద ఏమాత్రం నమ్మకం లేదు.

నమ్మకం లేకపోవడానికి కారణం ఉంది. మాకున్నది ఒక్కడే మేనమామ, అమ్మ తమ్ముడు, రాచర్ల దగ్గర పల్లెలో ఉండేవాడు. ఓబులేసు మామ. అప్పటికి రెండేళ్ళుగా మా గడప తొక్కలేదు. నా చెవులు కుట్టించిన రోజున మొదలైంది గొడవ. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టించాలి కదా. ఆ పొద్దు మామ ఎక్కిన బస్సు టైరు దారిలో పగిలింది. నాయన గాబరా మనిషి, ముహూర్తం మించిపోతోందని భోజనానికి వచ్చిన దూరపు వరస మామ ఒకాయనను పట్టుకొచ్చి పీట మీద కూలేసి నన్ను ఆయన ఒళ్ళో పెట్టించాడు. కంసాలి పని ముగించి దారాలు సర్దుకుంటుండగా, మా మామ తట్ట నెత్తిన పెట్టుకుని నడిచొచ్చాడు. తట్టలో నాకు పట్టు పావడా, గాజులు, కొబ్బరి కాయ. "ఎవురి ఒళ్ళో కుట్టించినారు?" అన్నాడట. "ముహూర్తం నీకోసరం కాసుకోనుంటాదా?" అన్నాడట నాయన. అంతే. తట్ట గడపలో దించి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెనక్కి తిరిగాడు. తట్టలో పావడా నేను కట్టుకుని ఊరేగాను గానీ, అమ్మ మాత్రం దాన్ని ఉతికినప్పుడల్లా ఏడ్చేది. మాటన్నవాడు మొగుడు, అలిగినవాడు తమ్ముడు. మధ్యలో నలిగింది అమ్మ.

ఇప్పుడు చెల్లెలి చెవుల వంతు వచ్చింది. "నా తమ్ముడి ఒళ్ళో కుట్టిస్తేనే కుట్టించేది. లేకపోతే నా బిడ్డ బోడిచెవులతోనే పెరుగుతాది" అని అమ్మ భీష్మించుకు కూర్చుంది. నాయన వద్దనలేదు. అదే చాలని, వచ్చి ముహూర్తం మాట్లాడి పొమ్మని అమ్మ తమ్ముడికి కబురు పంపింది. పొద్దుటి బస్సుకు వస్తానని అటునుంచి కబురు వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో వేకువ నుంచీ పొయ్యి ఆరలేదు. పూర్ణం రుబ్బిన వాసన, నెయ్యి కాగిన వాసన, మామకు ఇష్టమని చింతపండు పులిహోర. అమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ వీధిలోకి పోయి చూసి వచ్చేది, మళ్ళీ పోయేది. పొద్దుటి బస్సు హారన్ మోగి చాలాసేపయింది. మామ రాలేదు. నాయన కూడా ఆ రోజు దుకాణం పనివాళ్ళకు అప్పజెప్పి పొద్దున్నే వీధి వాకిట్లో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డారని అడిగితే "ఎద్దులబండి రావాల" అన్నాడు. ఏ బండీ రావాల్సింది లేదు.

ఇవేవీ పట్టని జేజి పెరట్లో కథ ఎత్తుకుంది. తొలకరి ముంచుకొస్తోంది, గోతాలు ఇంకా మిగిలాయి, ఆవిడ తొందర ఆవిడది. ఆ రోజు మా దవడలు కూడా మరీ ఆడాయి. పూర్ణం వాసనకు ఆకలి రెట్టింపయింది కదా. జేజి పట్టుదలగా చీకటి మీద చీకటి పేర్చింది. పిల్ల ఇంట్లోకి పోయింది. తలుపు దానంతట అదే మూసుకుంది. దండెం మీద చిన్న చిన్న గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ముసలిది తియ్యగా, అచ్చం మా జేజి గొంతుతోనే, "నిప్పుకొచ్చినావా మనవరాలా? ఇస్తాలే తల్లీ. ముందు చెయ్యి చాపు, నీ గాజు ఎంతదో చూడాల" అంది. మా చేతులు ఆగిపోయాయి. ఒక్క దవడ ఆడడం లేదు. వేపచెట్టు మీద కాకి కూడా ఆ క్షణాన నోరు మూసుకుందంటే నమ్మండి.

సరిగ్గా అప్పుడు అమ్మ పెరట్లోకి ఊడిపడింది. "అత్తా! మీకెన్నిసార్లు చెప్పినా? పట్టపగలు కథలేంది? పొద్దున రావాల్సినోడు నా తమ్ముడు, ఇంతవరకు జాడ లేదు! దారి తప్పించి కూసున్నారు కదా!"

"నా మేనమామలు పోయి..." అని జేజి ఎప్పటి పాటే ఎత్తుకోబోయింది.

"మీ మేనమామలు కాదత్తా, వినే బిడ్డల మేనమామ! ఈ బిడ్డలకుండేది ఒక్కడు! వాణ్ణి ఒక తూరి మీ కొడుకు పోగొట్టినాడు, ఇప్పుడు మీరు!"

జేజి తల వంచుకుని చేట చెరగసాగింది. ఇంతలో మా చెల్లెలు రాగం ఎత్తుకుంది. "నేను విసరలే... మామ గింజ నేనే తినేసినా..." ఆ ఏడుపు వింటూనే ఖాసింబి పిన్నమ్మ పిల్లలూ మొదలుపెట్టారు. ఎవరెవరు ఎన్ని దారులు మింగారో ఒక్కొక్కటే బయటపడింది. ఆ రోజు ఒక్క గింజ కూడా వీధి వైపు పోలేదని తేలింది. అమ్మ నెత్తి పట్టుకుని తిరగలి మీద కూలబడింది.

అప్పుడే, గోడ వెనకాల నుంచి, ఒక మగ గొంతు.

"అత్తా, ఆ పిల్ల చెయ్యి చాపిందా లేదా?"

ఓరి నాయనో! మేము వేసిన కేకకు వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. గంప తలకిందులైంది. జేజి చేతిలోంచి చేట జారిపడింది. అమ్మ మాత్రం రెండు అంగల్లో గోడ దగ్గరికి పోయి అవతలికి వంగి చూసింది. అక్కడ గోడకు ఆనించి వేసిన ఖాసింబి పిన్నమ్మ నులక మంచం మీద, చంకన సంచీ పెట్టుకుని, చేతిలో సగం తాగిన మజ్జిగ గ్లాసుతో మా ఓబులేసు మామ. పక్కనే పిన్నమ్మ కూడా మేకకు ఆకు మేపుతూ నిలబడి ఉంది, ఆవిడా కథ వింటోంది, రోజూ వింటుంది కదా.

"ఎంతసేపయింది రా నువ్వొచ్చి?" అంది అమ్మ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"పొద్దుట్నే వచ్చినాడక్కా" అంది ఖాసింబి పిన్నమ్మ. "సందులో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తా ఉండాడు. ఏంది భాయ్ అంటే ఏం లేదక్కా, ఎనిక్కి పోతాండా అన్నాడు. పిలుస్తా ఉండు అంటే వద్దన్నాడు. ఇంతలో అవ్వ కథ ఎత్తుకునింది. సరే కూసో, కథ ఇని పో అన్నా. ఇంక యాడ లేస్తాడు?"

"ఎనిక్కి పోయేదేంది? ఇంటిదాకా వచ్చి?"

మామ తల వంచుకున్నాడు. "వీధిలోంచే వచ్చినా అక్కా. బావ వాకిట్లో నడుం మీద చేతులు పెట్టుకోని నిలబడుండాడు. నన్ను అడుగు పెట్టనీకుండా నిలబడినాడేమో అనుకున్నా."

కేకలు విని నాయన అప్పటికే పెరటి గుమ్మంలోకి వచ్చి ఉన్నాడు. ఆ మాట ఆయనకూ వినపడింది. చేతులు ఇంకా నడుం మీదే ఉన్నాయి. గబుక్కున కిందికి దించుకున్నాడు, వాటినేం చేయాలో తోచనట్టు. ఆయన పొద్దుటి నుంచి నిలబడింది ఎవరికోసమో మా అందరికీ అర్థమైంది. ఆ ముక్క నోట్లోంచి మాత్రం ఊడిపడదు. మామ లేచాడు. సంచీ మంచం మీద పెట్టి, "ఇవి పిల్లోళ్ళకిచ్చెయ్ అక్కా, మామిడిపండ్లు. నేను పోతా" అన్నాడు. అమ్మ మొగుడి వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది. రెండేళ్ళు ఎదురు చూసిన మనిషి నడుమెత్తు గోడ అవతల ఉన్నాడు, అడుగు తీసి వెనక్కి వేస్తే ఇక మళ్ళీ రాడు. నాకు ఆ వయసులోనే అది తెలిసింది.

జేజి వంగి చేట తీసుకుని, ఒలికిన బుడ్డలు గుప్పెడు అందులో పోసింది. ఒక్కసారి కుదిపింది. గలగల. "పిల్ల చెయ్యి చాపలే" అంది. మేమందరం ఆవిడ వైపు తిరిగాం. "మా మామ తెచ్చిన గాజులు తప్ప నేను యావీ తొడుక్కోను అనింది. నీ మామ యాడుండాడే అనింది ముసల్ది. అప్పుడు పెరటి తట్టు దగ్గు వినపడింది. మేనమామే. పొయ్యి రాజుకోలేదని తెలిసి చేలల్లోంచి పరిగెత్తుకోనొచ్చినాడు. కానీ లోపలికి రాలే. మర్యాదస్తుడు. పిలవని ఇంటికి రాడు. పిల్లకు నోరెండిపోయింది, పిలవలేకపోయింది. ఇంక ఎవురు పిలవాల?" అని ఆగింది. చేట ఆగింది. ఆవిడ చూపు తిన్నగా పెరటి గుమ్మం మీద ఉంది. ఈ కథ మేము ఎన్నోసార్లు విన్నాం. ఇందులో మేనమామ లేడు, ఆ పిల్ల ఒక్కతే తప్పించుకుని వస్తుంది. అయినా మాలో ఒక్కరం కూడా "అట్ల కాదు జేజీ" అనలేదు.

నాయన గొంతు సవరించుకున్నాడు. ఒకసారి ఆకాశం వైపు చూశాడు. "ఓబులేసూ" అన్నాడు. "ఆ పొద్దు నేనన్న మాట... తప్పే. రా రా లోపలికి. ఎండలో ఏం పని నీకు?"

మామ వీధి చుట్టూ తిరిగి వచ్చే మనిషేనా? పంచె ఎగ్గట్టి మట్టిగోడ ఎక్కేశాడు. సగంలో పంచె రాయికి పట్టుకుంది. ఖాసింబి పిన్నమ్మ అటునుంచి తోసింది, నాయన ఇటునుంచి రెక్క పట్టి లాగాడు, మామ వచ్చి ఒలికిన బుడ్డల మీద పడ్డాడు. ఆయన వెనకే మేక కూడా దూకింది. "కుదురుగా కూసోని ఒలువు. నా కథ ఊరికే వింటివి" అంది జేజి. మామ ఒలిచాడు. నాయన కూడా కండువా తీసి పక్కన కూర్చున్నాడు. బావా బామ్మర్దులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, పోటీ పడి ఒలుస్తూ, పక్కపక్కన.

కథ ముగించే ముందు జేజి ఇంకో పని చేసింది. మేనమామ పిల్ల చెయ్యి పట్టి బయటికి లాగగానే ముసలిదాని చేట తిరగబడింది. గాజులన్నీ గలగలమని దొర్లుకుంటూ పోయి ఒక్కొక్కటీ ఒక్కొక్క బిడ్డ చేతిని వెతుక్కున్నాయి. చెట్ల వెనక నుంచి బిడ్డలు లేచి వచ్చారు. ఎండుటాకులు చప్పుడు చేశాయి. అవే గాజులు, అదే చేట, అదే గలగల. కాసేపటి ముందు మా వెన్ను జలదరింపజేసిన చప్పుడుకే మేము చప్పట్లు కొట్టాం. హర్షితకు ఇది చెప్తున్నప్పుడే నాకూ తట్టింది. కాకి చావుకు గుర్తని ఎవరన్నారు? కాకి కాకే. ఎవరి ఇంటి మీద వాలింది, లోపల ఎవరు ఎవరికోసం ఎదురు చూస్తున్నారు, అన్నదాన్ని బట్టి చుట్టమొస్తున్నట్టో చావొస్తున్నట్టో ఉంటుంది. పిల్ల గబగబా టైపు చేసుకుంది.

ఇప్పుడు విత్తనం మరలోనే ఒలుస్తున్నారు, గింజ పగలని మరలు వచ్చాయి. మంచిదే, మా బొటనవేళ్ళు ఎంత వాచిపోయేవో నాకు తెలుసు. గోడ స్థానంలో ఖాసింబి పిన్నమ్మ మనవలు మేడ కట్టారు, వాళ్ళ తాళింపు వాసన మా దాకా రాదు. దానికి బదులు వాళ్ళ కోడలు పిల్ల గిన్నెలో కూరే పంపిస్తుంది. పోయినవన్నీ మంచివి, వచ్చినవన్నీ చెడ్డవి అనే రకాన్ని కాను నేను. పిల్లలకు భయం కూడా ఫోన్‌లోనే దొరుకుతోంది. దొరకనీ. ఆ ఫోన్‌కు పిల్లల దవడ ఆడుతోందా లేదా అని ఓరకంట చూసే తీరిక లేదు, అంతే నా ఫిర్యాదు.

చెల్లెలి చెవులు ఆ వారంలోనే కుట్టించారు. మామ ముందు రోజే వచ్చి మా ఇంట్లోనే పడుకున్నాడు, ఈసారి బస్సును నమ్మలేదు. తెల్లారుతూనే పీట మీద కూర్చుని, చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకుని, అది కంసాలిని కరుస్తుంటే పట్టుకుని, రెండు చెవులూ కుట్టించాడు. అది గుక్కపట్టి ఏడుస్తుంటే నోట్లో బుడ్డలు పోసి ఊరుకోబెట్టాడు. కంసాలి లేవబోయాడు. "ఉండు, ఇంకొకరు ఉండారు" అని నా వైపు చేయి చాపాడు మామ. "దానికెప్పుడో కుట్టినాం గదరా, ఏడేండ్ల గాడిద!" అంది అమ్మ. మామ వినలేదు. నన్ను లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. నా కాళ్ళు నేలకు తగులుతున్నాయి. "ఆ పొద్దు కుట్టింది చెల్లదు" అన్నాడు. కంసాలి నవ్వాపుకుంటూ నా కమ్మలు రెండూ విప్పి, పాత తూట్లలోకే మళ్ళీ గుచ్చాడు. నొప్పి అసలే లేదు. నేను మాత్రం ఊరంతా వినపడేట్టు ఏడ్చాను, ఎందుకంటే ఏడిస్తే మామ ఇంకా గట్టిగా పట్టుకుంటున్నాడు.